హైదరాబాదులో తొలి జీతం, తొలి గది: హాస్టలా, షేరింగ్ ఫ్లాటా, సొంత ఇల్లా?

హైదరాబాదులో ఉద్యోగం దొరికిన మొదటి నెలలోనే మన పిల్లలకు మూడు వైపుల నుంచి మూడు సలహాలు వస్తాయి. కాలేజీ సీనియర్ "ముందు హాస్టల్లో దిగు, తర్వాత చూసుకోవచ్చు" అంటాడు. ఆఫీసులో పక్క సీటు స్నేహితుడు "ముగ్గురం కలిసి కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ తీసుకుందాం" అంటాడు. ఊరి నుంచి నాన్న ఫోను చేసి "నెలనెలా అద్దెకు పోసేదేమిటి, ఎక్కడో ఒకచోట రెండు వందల గజాలు కొనిపెట్టుకో" అంటాడు. ముగ్గురూ మన మేలు కోరేవారే, ముగ్గురి మాటల్లోనూ సబబు ఉంది. అయితే మొదటి మాట ఆరు నెలలకు, రెండవది రెండు మూడేళ్లకు, మూడవది పదేళ్లకు పైబడిన కాలానికి సరిపోయేవి. కాబట్టి అద్దె ఎంత, వాయిదా ఎంత అనే ప్రశ్నల కంటే ముందు, ఈ ఉద్యోగంలో, ఈ ప్రాంతంలో ఎంతకాలం ఉంటామని నమ్మకంగా చెప్పగలం అనే ప్రశ్నకు సమాధానం వెతుక్కోవాలి. ఆ సమాధానం దొరికితే మిగిలిన లెక్కలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

ఈ వ్యాసంలో మెట్రో ఛార్జీలు, రిజిస్ట్రేషన్ ఖర్చులు, రుణ నిబంధనలు ఉన్నవి ఉన్నట్టుగా ఇచ్చాను. అద్దెలు, ఫ్లాట్ల ధరలు మాత్రం లెక్క చూపడానికి వేసుకున్న ఉదాహరణలు. వాటి స్థానంలో మీ వీధిలో విన్న అంకెలు పెట్టుకుని చూడండి.

హాస్టల్ ఎంతకాలం లాభం?

అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కేపీహెచ్‌బీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో హాస్టల్ లేని వీధి అరుదు. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ అని మంచాల సంఖ్యను బట్టి ధర మారుతుంది. మూడు పూటల భోజనం, వైఫై, కరెంటు, నీళ్లు అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. నెల ఖర్చు ఒక్క అంకెగా ముందే తెలిసిపోవడం హాస్టల్ ఇచ్చే పెద్ద సౌకర్యం. దీని విలువ మొదటి జీతం అందుకున్నవారికి అర్థం కావడానికి కొంత సమయం పడుతుంది.

ప్రొబేషన్ పూర్తి కాలేదు, ప్రాజెక్టు ఏ ఆఫీసులో పడుతుందో తెలియదు, నగరం కొత్త అనుకుంటే హాస్టలే సరైన ఎంపిక. ఎందుకంటే ఫ్లాటులో దిగాలంటే ముందుగా పెట్టాల్సిన డబ్బు ఎక్కువ. నెలకు 30,000 అద్దె ఉన్న ఫ్లాటును ముగ్గురు తీసుకున్నారనుకుందాం. హైదరాబాదులో సాధారణంగా రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇవ్వాలి కాబట్టి మనిషికి 20,000. బ్రోకర్ ద్వారా దొరికితే అతనికి పదిహేను రోజుల నుంచి ఒక నెల అద్దె, అంటే మనిషికి 5,000 నుంచి 10,000. మంచం, పరుపు, గ్యాసు, ఫ్రిజ్, బకెట్ల దాకా లెక్క వేస్తే పాత సామానే కొన్నా ఇంకో పదివేలు. అంటే తాళం చేతికి వచ్చేలోపే మనిషికి 35,000 నుంచి 40,000 అవుతుంది. ఇందులో అడ్వాన్సు తిరిగి వస్తుంది గాని మిగిలినది రాదు. నాలుగు నెలల్లో ఇల్లు మారాల్సి వస్తే ఆ తిరిగి రాని ఖర్చే నెలకు నాలుగైదు వేల అదనపు అద్దెగా మారుతుంది.

హాస్టల్ లోపాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి మీద ఎక్కువసేపు ఆగను. సాంబారు పలచబడుతుంది, ఆదివారం బాత్రూము ముందు వరుస ఉంటుంది, రాత్రి షిఫ్టు వాడికి పగటి నిద్ర ఉండదు. కాని చేరే రోజు అడగవలసిన ఒక ప్రశ్నను చాలామంది మరిచిపోతారు: అడ్వాన్సులో ఎంత తిరిగిస్తారు, ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల ముందు చెప్పాలి? నేను ఉన్న ఒక హాస్టల్లో నోటిమాటగా నెల ముందు చెప్పాను. వెళ్లే రోజు అది లెక్కలోకి రాదన్నారు, మెయింటెనెన్స్ పేరుతో కొంత, నోటీసు పేరుతో మిగతాది కోసుకున్నారు. ఆ తర్వాత నుంచి ఇలాంటి మాటలన్నీ వాట్సాప్‌లో రాసి పెడుతున్నాను. ఒక్క వాక్యం చాలు, తేదీ దానంతట అదే పడుతుంది.

సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలల లోపు ఉండే అవసరానికి హాస్టల్, అంతకు మించితే షేరింగ్ ఫ్లాటు మేలని నా అభిప్రాయం. మాదాపూర్, గచ్చిబౌలి వైపు కో-లివింగ్ పేరుతో వచ్చిన భవనాలు ఈ రెండింటి మధ్య ఉంటాయి. శుభ్రత, యాప్‌లో ఫిర్యాదు చేసే వీలు వంటి వాటికి అదనంగా చెల్లిస్తాం. లాక్-ఇన్ కాలం (ముందే ఖాళీ చేస్తే డబ్బు పోయే గడువు) చదవకుండా మాత్రం సంతకం పెట్టకండి.

షేరింగ్ ఫ్లాటు: అసలు బేరం ఇక్కడే

రెండు మూడేళ్లు ఉంటామని తెలిసినవారికి హైదరాబాదులో షేరింగ్ ఫ్లాటును మించిన ఎంపిక కనిపించదు. అందులోనూ కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్, మణికొండ, కొండాపూర్, నల్లగండ్ల వంటి ప్రాంతాల్లో ఐదంతస్తుల స్టాండలోన్ అపార్ట్‌మెంట్లు గేటెడ్ కమ్యూనిటీల కంటే బాగా చవక. ఈత కొలను, జిమ్ము, క్లబ్ హౌస్ ఉన్న చోట మెయింటెనెన్స్ చదరపు అడుగు లెక్కన వస్తుంది. ఆ కొలనులో మీరు ఏడాదికి ఎన్నిసార్లు దిగుతారో నిజాయితీగా చెప్పుకోగలిగితే ఈ నిర్ణయం తేలిక.

పెళ్లికాని వారికి ఇల్లు అద్దెకివ్వడానికి ఒప్పుకోని యజమానులు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. టులెట్ బోర్డు మీద ఫోను నంబరు కింద "ఫ్యామిలీలకు మాత్రమే" అని రాసి ఉంటే వాదించి లాభం లేదు. కొందరు బ్యాచిలర్లకు ఇస్తామంటూనే అదే ఇంటికి రెండు మూడు వేలు ఎక్కువ చెబుతారు. ఇండిపెండెంట్ ఇళ్లలో పోర్షన్లు కొంత చవకగా దొరుకుతాయి గాని యజమాని కింది అంతస్తులోనే ఉంటాడు కాబట్టి గేటు మూసే సమయం, వచ్చే అతిథులు, వండే వంట అన్నీ చర్చకు వస్తాయి. ఇక మన టులెట్ బోర్డుల భాషలో పెంట్‌హౌస్ అంటే విలాసమేమీ కాదు. మేడ మీద విడిగా వేసిన ఒకటి రెండు గదులు, అంతే. అద్దె తక్కువ, గాలి ఎక్కువ, వెన్నెల ఉచితం. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు రాత్రి పదకొండు దాకా సెగలు కక్కుతుంది. కూలరుకు, కరెంటు బిల్లుకు ముందే లెక్క వేసుకున్నవారు మాత్రమే దాని జోలికి వెళ్లాలి.

అద్దె తర్వాత నన్నడిగితే నీళ్ల ప్రశ్నే ముఖ్యమైనది. జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) కనెక్షన్ ఉందా, లేక బోరు మీదే ఆధారమా అని అడగండి. ఉంటే మంజీరా నీళ్లు (జలమండలి కుళాయి నీళ్లు) ఎన్ని రోజులకోసారి వస్తాయో పక్క ఫ్లాటు వారిని అడగండి. వాచ్‌మన్‌ను అడిగితే ఇంకా మంచిది, అతనికి నిజం తెలుసు. నగరంలో గృహ కనెక్షన్లకు నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది గాని, బోరు ఎండిపోయిన అపార్ట్‌మెంట్లకు వేసవిలో ట్యాంకర్లే దిక్కు. 2024 వేసవిలో పడమటి ప్రాంతాల్లో ట్యాంకరు కోసం రోజుల తరబడి ఎదురుచూసినవారికి ఈ మాట గుర్తు చేయక్కరలేదు. ట్యాంకరు ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసి ఉందా, విడిగా పంచుతారా అనేది ముందే తేల్చుకోకపోతే 2,000 మెయింటెనెన్స్ మే నెలలో రెట్టింపై కూర్చుంటుంది.

ఒప్పందం పదకొండు నెలలకు రాస్తారు. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయాలి కాబట్టి ఆ ఖర్చు తప్పించుకోవడానికి దేశమంతటా ఏర్పడిన అలవాటు ఇది. అందులో మూడు విషయాలు చూడాలి. అద్దె పెంపు శాతం రాసి ఉండాలి. ఏటా 5 నుంచి 10 శాతం మామూలు అలవాటు, రాయకపోతే ఐటీ కారిడారులో యజమాని నోటికి వచ్చిందే పెంపు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఎంత కోస్తారో అంకెతో రాసి ఉండాలి, ఎందుకంటే ఇక్కడ ఒక నెల అద్దె కోసుకోవడం మామూలైపోయింది. మూడవది, ముగ్గురు ఉంటే ముగ్గురి పేర్లూ ఉండాలి. ఒక్కరి పేరు మీదే రాస్తే మిగిలిన ఇద్దరిలో ఒకరు బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని వెళ్లిపోయిన రోజున అతని వాటా అద్దె కూడా సంతకం పెట్టినవాడి మెడకే చుట్టుకుంటుంది. వెళ్లేవాడు తన స్థానంలో మరొకరిని తెచ్చాకే అడ్వాన్సు వాటా తీసుకోవాలని ముగ్గురూ ముందే అనుకుంటే స్నేహాలు కూడా నిలుస్తాయి.

తిండి ఖర్చు విషయంలో ఈ నగరం మనకు ఒక ప్రత్యేకమైన వెసులుబాటు ఇచ్చింది, అది కర్రీ పాయింటు. కుక్కర్లో అన్నం పెట్టుకుని పప్పు, ఒక కూర, పెరుగు తెచ్చుకుంటే ముగ్గురి భోజనం ఒక్క బిర్యానీ ఆర్డరు ధరలో ముగుస్తుంది. రోజూ వండుకోవాలనే ఆదర్శం రెండు వారాలకు మించి నిలవదు, రోజూ ఆర్డరు చేస్తే జీతం నిలవదు. అన్నం ఇంట్లో, కూర బయట అనే ఏర్పాటుతో నెట్టుకొచ్చే గదులు ఈ నగరంలో ఎన్నో.

దగ్గర ఇల్లా, దూరపు ఇల్లా?

ఆఫీసుకు దగ్గరగా ఎక్కువ అద్దె కట్టాలా, దూరంగా తక్కువకు ఉండి ప్రయాణించాలా అనేది అందరూ తలపట్టుకునే విషయం. దీనికి ముందు మెట్రో పటం ఒకసారి చూడాలి. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే బ్లూ లైన్ ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీకి ఒకే రైలులో చేరుస్తుంది. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లే రెడ్ లైన్ మీద ఉన్నవారు అమీర్‌పేటలో దిగి మారాలి. దీనివల్ల ఒక విడ్డూరం ఏర్పడింది. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ రోడ్డు మీద ఎదురుగా కనిపించేంత దగ్గర, మెట్రోలో మాత్రం తూర్పుకు అమీర్‌పేట దాకా వెళ్లి మళ్లీ పడమటికి తిరిగి రావాలి. అందుకే కేపీహెచ్‌బీలో ఉండేవాడికి బైకో బస్సో మేలు, తార్నాకలో ఉండేవాడికి మెట్రో మేలు. రాయదుర్గం దాటి గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట వైపు మెట్రో లేదు. అక్కడి నుంచి బస్సు, షేర్ ఆటో, బైక్ టాక్సీల మీద ఆధారపడాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. హైటెక్ సిటీ దగ్గర షేరింగ్‌లో మీ వాటా 10,000, నాగోల్‌లో 6,000 అనుకుందాం. మిగులు 4,000. 2025 మే 24 నుంచి అమలైన ఛార్జీల ప్రకారం మెట్రో టికెట్టు 11 నుంచి 69 రూపాయల దాకా ఉంది, నాగోల్ నుంచి రాయదుర్గానికి పూర్తి 69 పడుతుంది. రానుపోను 138, స్టేషను నుంచి ఆఫీసుకు షేర్ ఆటో రెండు వైపులా 40 అనుకుంటే రోజుకు 178. నెలకు 22 రోజులు వెళితే 3,916. అంటే నాలుగు వేల మిగులులో చేతిలో ఉండేది 84 రూపాయలు. దాని కోసం గడప నుంచి గడపకు ఒక్కో వైపు గంటకు పైగా, నెలకు యాభై గంటల దాకా ఖర్చవుతాయి.

అదే ఆఫీసు వారానికి రెండు రోజులే రమ్మంటే లెక్క తిరగబడుతుంది. నెలకు తొమ్మిది రోజుల ప్రయాణానికి 1,602 అవుతుంది, దాదాపు 2,400 మిగులుతుంది, పోయే సమయం కూడా ఇరవై గంటల చుట్టూ ఉంటుంది. తార్నాకలో చెట్లున్న వీధిలో ఉండి వారంలో ఐదు రోజులు మాదాపూర్ రద్దీ ముఖం చూడకపోవడం నా దృష్టిలో మంచి బేరమే. కాబట్టి ఆఫీసుకు వారానికి ఎన్ని రోజులు వెళ్లాలో తెలియకుండా దూరం ఇంటి బేరం ఆడకండి. ఆ నిబంధన మారితే మీరు కూడా మారగలిగేలా ఒప్పందంలో నోటీసు కాలం ఒక నెలకు మించకుండా చూసుకోండి.

లింగంపల్లి, చందానగర్ వైపు ఉండేవారికి ఎంఎంటీఎస్ రైలు హైటెక్ సిటీ దాకా మెట్రో కంటే ఎంతో చవకగా చేరుస్తుంది. రైలుకూ రైలుకూ మధ్య వ్యవధి ఎక్కువ కావడం వల్ల ఆఫీసు వేళ కచ్చితంగా ఉన్నవారికే అది పనికొస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. కేపీహెచ్‌బీలోనో మెహిదీపట్నంలోనో ఉండే అమ్మాయికి ఇది నెలకు వెయ్యి రెండు వేల రూపాయల అద్దె తగ్గింపుతో సమానం. అయితే తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. విజయవాడ, రాజమండ్రి చిరునామాతో ఆధార్ ఉన్నవారికి జీరో టికెట్టు వర్తించదు.

వనస్థలిపురంలోనో ఈసీఐఎల్ వైపో అమ్మానాన్నలతో ఉంటూ పడమటి వైపు ఉద్యోగం చేసేవారి సంగతి వేరు. అద్దె లేదు, తిండి ఖర్చు లేదు, కాబట్టి డబ్బు లెక్కలో దానికి పోటీ లేదు. ఐదు రోజుల ఆఫీసు ఉన్నవారిలో కొందరు సోమవారం నుంచి శుక్రవారం దాకా హాస్టల్లో ఉండి వారాంతంలో ఇంటికి వస్తున్నారు. ఇంట్లో కొంత ఇచ్చి, హాస్టల్‌కు కొంత కట్టినా ఒంటరిగా సింగిల్ బెడ్‌రూమ్ తీసుకోవడం కంటే చవకగానే తేలుతుంది.

ఒంటరిగా సింగిల్ బెడ్‌రూమ్ ఎప్పుడు తీసుకోవచ్చు? చేతికి వచ్చే జీతంలో అద్దె, మెయింటెనెన్స్, కరెంటు, ప్రయాణం నాలుగూ కలిపి మూడో వంతు దాటకపోతే తీసుకోవచ్చు. దాటితే ఏకాంతానికి మీరు కడుతున్నది మీ అత్యవసర నిధి నుంచేనని గుర్తించాలి. ఇంటికి డబ్బు పంపేవారు, చదువు రుణం తీర్చేవారు ఆ రెండింటినీ ముందే తీసేసి మిగిలినదాన్నే జీతంగా లెక్క వేసుకోవాలి. అత్యవసర నిధి కనీసం ఆరు నెలల ఖర్చుకు సరిపోవాలి. ఐటీ ఉద్యోగాల తీరు చూసినవారికి కారణం చెప్పక్కరలేదు.

కొనడం: వాయిదా ఒక్కటే చూసి మోసపోవద్దు

అద్దె డబ్బుతోనే ఇల్లు సొంతమవుతుందని అమ్మకందార్లు చెప్పే మాట హైదరాబాదులో లెక్కకు నిలవదు. 75 లక్షల ఫ్లాటు తీసుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల దాకా ఉన్న రుణాలకు ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల రుణాలకు 80 శాతం, అంతకు మించితే 75 శాతం వరకే బ్యాంకు ఇవ్వగలదు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపరు. కాబట్టి మన ఫ్లాటుకు 60 లక్షల రుణం, 15 లక్షల సొంత డబ్బు. తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే మరో 5.6 లక్షలు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ కింద ఇంకో 3.75 లక్షలు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన పూర్తయిన ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు. 45 లక్షల లోపు, 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియాకు (గోడల మధ్య వాడుకునే నేల) మించని ఇంటికి జీఎస్టీ ఒక శాతమే గాని, ఐటీ కారిడారులో ఆ ధరకు ఇల్లు దొరకడం కష్టం. కప్‌బోర్డులు, లైట్లు, ఫ్యాన్లు మొదలుకుని గృహప్రవేశం భోజనాల దాకా ఇంకా లెక్కలోకి రానే లేదు. అప్పటికే 21 నుంచి 25 లక్షలు చేతి నుంచి పోయాయి.

8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు 60 లక్షల రుణం వాయిదా దాదాపు 52,000. మొదటి ఏడాది కట్టే 6.25 లక్షల్లో వడ్డీయే 5 లక్షలు దాటుతుంది. అదే ఫ్లాటులో అద్దెకు ఉంటే నెలకు 20,000, ఏడాదికి 2.4 లక్షలు అనుకుందాం. మన సొంత 20.6 లక్షలకు (15 + 5.6) 7 శాతం చొప్పున పోయే రాబడి 1.4 లక్షలను ఆ వడ్డీకి కలిపి, మిగిలే అద్దెను తీసేస్తే, సొంత ఇంట్లో ఉన్నందుకు మొదటి ఏడాది అదనంగా పోయేది సుమారు 4 లక్షలు. ఫ్లాటు విలువ ఏటా 5.5 శాతం పెరిగితేనే అద్దెతో సమానమవుతుంది. మూడేళ్లకే అమ్ముకుంటే రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ మూడేళ్ల మీదే పడుతుంది కాబట్టి ఏటా సుమారు 8 శాతం పెరగాలి. ఏడేళ్లు ఉంటే వడ్డీ భాగం తగ్గి, బయట అద్దెలు పెరిగి, రిజిస్ట్రేషన్ ఖర్చు కలుపుకున్నా 5.5 శాతం చాలు. కొనుగోలుకు ఏడేళ్ల కాలం ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

వడ్డీ రేటు స్థిరంగా ఉంటుందని కూడా అనుకోకూడదు. 2022 మే మొదట్లో 4 శాతంగా ఉన్న రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు) 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. ఫ్లోటింగ్ రుణాలు (వడ్డీ రేటు మారుతూ ఉండేవి) తీసుకున్నవారిలో చాలామందికి వాయిదా పెరగలేదు, గడువు మాత్రం ఏళ్లకు ఏళ్లు సాగింది. వ్యక్తులకు ఇచ్చిన ఫ్లోటింగ్ గృహరుణాన్ని ముందుగా తీర్చేస్తే జరిమానా లేదు కాబట్టి బోనసు వచ్చినప్పుడు అసలు తగ్గించుకునే వెసులుబాటు ఉంది.

పన్ను కలిసొస్తుందని ఇల్లు కొనమనే పాత సలహాకు ఇప్పుడు బలం తగ్గింది. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి రుణ వడ్డీకి మినహాయింపు లేదు, ఇంటి అద్దె భత్యానికీ లేదు. 2025-26 నుంచి ఆ విధానంలో 12.75 లక్షల దాకా జీతానికి పన్నే పడదు. అంతకంటే ఎక్కువ జీతం ఉండి, పాత విధానంలో కొనసాగేవారు మాత్రమే రెండు విధానాల్లో లెక్క వేసి చూసుకోవాలి.

కొనడానికి నిర్ణయించుకుంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు లేని ప్రాజెక్టు వైపు చూడవద్దు. ప్రీ-లాంచ్ (అనుమతులకు ముందే అమ్మకం), యూడీఎస్ (విభజించని భూమిలో వాటా) పేర్లతో సగం ధరకే ఇస్తామని, పైకమంతా ముందే కట్టమని అడిగేవారు హైదరాబాదులో ఎందరినో ముంచారు. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును నమోదుకు ముందు ప్రకటించడమే చట్టవిరుద్ధం. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవడం కూడా అంతే. మెట్లు, కారిడార్ల వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్ అంకె పెద్దగా కనిపిస్తుంది, మీరు నడిచే నేల కార్పెట్ ఏరియానే. రెండు ఫ్లాట్లను పోల్చేటప్పుడు ధరను కార్పెట్ ఏరియాతో భాగించి చూడండి.

నాన్న చెప్పిన రెండు వందల గజాలు

ప్లాటు మాటలో ఒక నిజం ఉంది. కాలంతో పాటు భవనం పాతబడుతుంది, విలువ పెరిగేది నేలకే. అయితే ఖాళీ స్థలం అద్దె ఇవ్వదు, మీరు కట్టే అద్దె ఆగదు, రుణం మీద కొంటే రెండూ ఒకే జీతం నుంచి పోతాయి. షాద్‌నగర్, ఇబ్రహీంపట్నం, యాదగిరిగుట్ట వైపు వెంచర్ల బ్రోచర్లలో ఎయిర్‌పోర్టు ఎప్పుడూ ఇరవై నిమిషాల దూరంలోనే ఉంటుంది. ఆదివారం కారులో తీసుకెళ్లి భోజనం పెట్టి అదే సాయంత్రం టోకెన్ అడ్వాన్సు అడిగితే తిన్న భోజనానికి థ్యాంక్స్ చెప్పి వచ్చేయండి.

లేఅవుటుకు లేఅవుట్లకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థలైన హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ తుది అనుమతి ఉందా, చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు), దాని చుట్టూ ఉండే బఫర్ జోన్ పరిధిలో ఉందా, ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) పాత తాకట్టులు ఉన్నాయా అనేవి లాయరుతో చూపించుకోవాలి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక చెరువు స్థలాల్లో కట్టినవి కూలడం టీవీలో అందరూ చూశారు. జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలకు ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో సంగతి కూడా తెలుసుకోకుండా చేవెళ్ల, మొయినాబాద్ వైపు అడుగు వేయకూడదు. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు మరీ జాగ్రత్తగా చూడాల్సినవి. గుంట అంటే 121 గజాలు, ధర ఊరిస్తుంది గాని అది వ్యవసాయ భూమి, లేఅవుటు అనుమతి లేని చోట ఇంటికి అనుమతి రాదు.

ఇంట్లో ఈ చర్చ ముదిరితే నాన్నతో వాదించడం కంటే ఒక పరీక్ష పెట్టుకోవడం మేలు. మీరు కొనాలనుకుంటున్న ఇంటి వాయిదాకూ ఇప్పుడు కడుతున్న అద్దెకూ ఉన్న తేడాను, పైన చెప్పిన ఉదాహరణలో అది 32,000, వచ్చే నెల నుంచి రికరింగ్ డిపాజిట్‌లో వేయడం మొదలుపెట్టండి. ఏడాదిపాటు ఒక్క నెల కూడా తప్పకుండా వేయగలిగితే 3.84 లక్షలు, ఆ పైన వడ్డీ చేతిలో ఉంటాయి, ఆ వాయిదా మీ జీతానికి భారం కాదని కూడా తెలుస్తుంది. నాలుగో నెలలోనే ఆగిపోతే ఆ పాస్‌బుక్‌నే నాన్నకు చూపించవచ్చు.